గీత దాటారా, నిలబడ్డారా?

అందరికీ నమస్కారం. సెలవు రోజు పొద్దున్నే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మీలో కొందరు ఫుడ్ ప్యాంట్రీల్లో వాలంటీర్లుగా చేస్తున్నారు, కొందరు సోషల్ వర్క్ చదువుతున్నారు, నలుగురైదుగురు అమెరికాలో పేద కుటుంబాలకు సాయం చేసే స్థానిక సంస్థల, అంటే కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీల బోర్డుల్లో సభ్యులుగా ఉన్నారని చెప్పారు. బోర్డుల్లో ఉన్నవాళ్ళు దయచేసి కాస్త ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా మీ కోసమే. ఏడాది చివర రిపోర్టు మీ ముందుకే వస్తుంది. బాగుందని తల ఊపేదీ మీరే.

ఒక సంగతితో మొదలుపెడతాను. నేను ఇలాంటి ఒక ఏజెన్సీలో మొదట ఇన్‌టేక్ డెస్క్ దగ్గర పనిచేశాను. సాయం కోసం వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, వివరాలు రాసుకుని, ఏ ప్రోగ్రాం కింద ఏం చేయగలమో చూసే పని అది. ఒకరోజు ఒకావిడ వచ్చింది. ఇద్దరు పిల్లలు. వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో రాత్రి షిఫ్టు, నర్సింగ్ అసిస్టెంటు. కారు పాడైంది. డ్యూటీ ఎక్కే వేళకు బస్సు లేదు. రెండు రోజులు ఎవరినో బతిమాలుకుని వెళ్ళింది, మూడోరోజు వెళ్ళలేకపోయింది. ఇంకొక్క రోజు రాకపోతే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజర్ చెప్పేశాడు. మా దగ్గర రవాణా సాయానికి కొంచెం డబ్బుంది. మెకానిక్‌కి ఫోన్ చేశాం. మర్నాడు సాయంత్రానికి కారు బాగైంది, ఆవిడ డ్యూటీకి వెళ్ళింది.

ఆ ఏడాది మా రిపోర్టులో ఆవిడ ఎక్కడుందో తెలుసా? "రవాణా సహాయం" అనే వరసలో ఒక అంకె. ఒక్కసారి బస్ టికెట్ తీసుకున్నవాళ్ళు కూడా అదే వరసలో ఉన్నారు. "ఉద్యోగం దొరికినవాళ్ళు" అన్నచోట ఆవిడ లేదు, ఉద్యోగం ముందే ఉంది కాబట్టి. "ఆదాయం పెరిగినవాళ్ళు" అన్నచోటా లేదు, జీతం పెరగలేదు కదా. కాగితం చూస్తే ఆవిడ జీవితంలో ఏమీ జరగనట్టే. నిజంగానే ఏమీ జరగలేదు. ఉద్యోగం పోలేదు, అద్దె ఆగలేదు, ఇల్లు ఖాళీ చేయాల్సి రాలేదు, పిల్లలు ఏడాది మధ్యలో బడి మారలేదు. మేము చేసిన మంచి పనుల్లో అదొకటని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దాన్ని చూపించడానికి మాత్రం మా దగ్గర గడి లేదు.

ఆ లేని గడి గురించే ఇవాళ మాట్లాడతాను.

కొత్తవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం. 1964 జనవరి 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాంగ్రెస్ ముందు పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. ఆ ఏడాదే ఆగస్టు 20న ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టం మీద సంతకం పెట్టాడు. కార్యక్రమాన్ని నడిపే బాధ్యత సార్జెంట్ ష్రైవర్ అనే ఆయనది. కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీలు ఆ చట్టంలోంచే పుట్టాయి. ఏ ప్రాంతంలో పేదరికం ఉందో ఆ ప్రాంతంవాళ్ళే కూర్చుని ఏం చేయాలో తేల్చుకోవాలి, అందులో పేదవాళ్ళ పాత్ర సాధ్యమైనంత ఎక్కువగా ఉండాలి, ఇదీ చట్టం చెప్పింది. 1981లో కమ్యూనిటీ సర్వీసెస్ బ్లాక్ గ్రాంట్ అనే నిధి వచ్చాక డబ్బు ఫెడరల్ ప్రభుత్వం నుంచి రాష్ట్రాలకు, అక్కణ్ణుంచి ఏజెన్సీలకు వెళ్ళడం మొదలైంది. ఇప్పుడు దేశంలో వెయ్యి దాకా ఏజెన్సీలున్నాయి. చలికాలం హీటింగ్ బిల్లు కట్టడం, ఇళ్ళకు చలిగాలి రాకుండా మరమ్మతులు చేయడం, చిన్నపిల్లలకు హెడ్ స్టార్ట్ తరగతులు, ఉద్యోగ శిక్షణ, ఇలా ఒక్కో చోట ఒక్కో రకం పని.

మొదటి ముప్ఫై ఏళ్ళూ లెక్కంతా చేసిన పనిదే. ఎన్ని బిల్లులు కట్టాం, ఎన్ని ఫుడ్ బాక్సులు పంచాం, ఎంతమంది క్లాసుకు వచ్చారు. 1993లో ప్రభుత్వ శాఖలన్నీ ఫలితాలు చూపించి తీరాలని కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఆ మరుసటి ఏడాదే కమ్యూనిటీ యాక్షన్ రంగం తనకు తానుగా ఒక పద్ధతి తయారు చేసుకుంది. దాన్ని పొట్టిగా రోమా అంటారు. ఫలితాలను ముందు పెట్టుకుని పనిని నడపడం, వాటికి జవాబు చెప్పడం అని దాని అర్థం. 1998లో ఆ బ్లాక్ గ్రాంట్ చట్టాన్ని పొడిగించినప్పుడు, 2001 అక్టోబర్ 1 నాటికి ప్రతి రాష్ట్రమూ రోమాలో గానీ అలాంటి మరో పద్ధతిలో గానీ చేరాలని నిబంధన పెట్టారు. అవసరం ఏమిటో తెలుసుకోవడం, ప్లాన్ వేసుకోవడం, పని చేయడం, ఏం మారిందో చూడడం, చూసినదాన్నిబట్టి మళ్ళీ ప్లాన్ మార్చుకోవడం, ఈ చక్రం తిరుగుతూ ఉండాలి. నా అనుభవంలో ఆఖరి దగ్గరే చక్రం ఆగిపోతుంది. రిపోర్టు పంపగానే అందరికీ టెన్షన్ తీరిపోతుంది. దాన్ని మళ్ళీ తెరిచి చదివేవాళ్ళు తక్కువ.

సరే, ఫలితం అంటే ఏమిటి? అందరి మనసులోకీ ముందు వచ్చేది ఒకటే: పేదరికం గీత దాటించడం. కాబట్టి ఆ గీత సంగతి చూద్దాం. 1960ల మొదట్లో సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసే మోలీ ఆర్షాన్‌స్కీ దాన్ని లెక్కకట్టింది. వ్యవసాయ శాఖ వేసిన తిండి ప్రణాళికల్లో అన్నిటికంటే చవకైనది తీసుకుంది. అది చేతిలో డబ్బు లేనప్పుడు కొన్నాళ్ళు నెట్టుకురావడానికి వేసిన ప్రణాళిక. 1955 నాటి సర్వేలో కుటుంబాలు పన్నులు పోగా మిగిలిన ఆదాయంలో సుమారు మూడోవంతు తిండికి పెడుతున్నాయని తేలింది. అందుకని ఆ తిండి ఖర్చును మూడుతో హెచ్చవేసింది. 1969లో ప్రభుత్వం దాన్ని అధికారిక గీతగా తీసుకుంది. తర్వాత ధరలతో పాటు పెంచుతూ వచ్చారు గానీ లెక్క కట్టే తీరు దాదాపు అదే. ఇవాళ కుటుంబాలను కుంగదీసేది అద్దె, పిల్లల డేకేర్, వైద్యం. ఇవన్నీ చూసే ఇంకో కొలతను సెన్సస్ బ్యూరో 2011 నుంచి విడుదల చేస్తోంది. కానీ మన ఇన్‌టేక్ డెస్క్ మీద ఉండేది మాత్రం ఆ పాత గీత ఆధారంగా వేసిన పట్టికే. 2025లో నలుగురున్న కుటుంబానికి అది ఏడాదికి 32,150 డాలర్లు.

ఇప్పుడు రెండు కుటుంబాలను ఊహించుకోండి. రెండింట్లోనూ నలుగురే. ఒక కుటుంబం ఆదాయం 31,900 నుంచి 32,300కి వచ్చింది. గీత దాటింది, మనకు విజయం. రెండోది 9,000 నుంచి 24,000కి వచ్చింది. గీత దాటలేదు, మన లెక్కలోకి రాదు. ఎవరి ఇంట్లో ఎక్కువ మార్పు వచ్చిందో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. గీత దాటినవాళ్ళనే లెక్కపెడతామంటే ఏజెన్సీ చూపు తనకు తెలియకుండానే గీతకు దగ్గరగా ఉన్నవాళ్ళ మీదకు పోతుంది. అట్టడుగున ఉన్నవాళ్ళు క్యూలో వెనక్కి జరుగుతారు. ఎవరూ కావాలని చేయరు. అంకె చేయిస్తుంది.

ఇది ఊహ కాదు, ఒకసారి జరిగింది కూడా. 1982లో జాబ్ ట్రైనింగ్ పార్ట్‌నర్‌షిప్ చట్టం వచ్చింది. శిక్షణ పూర్తయినవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగం దొరికింది, చేరినప్పుడు జీతం ఎంత, వీటినిబట్టి శిక్షణ కేంద్రాలకు మార్కులు వేసి ప్రోత్సాహక నిధులు ఇచ్చేవాళ్ళు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కానీ సులువుగా ఉద్యోగం దొరికేవాళ్ళనే చేర్చుకోవాలన్న ఒత్తిడి మొదలైంది. దీన్ని ఆ రంగంలో క్రీమింగ్ అంటారు, పాల మీద మీగడ మాత్రం తీసుకోవడం. పాస్కల్ కోర్టీ, జెరాల్డ్ మార్ష్కే అనే ఆర్థికవేత్తలు ఇంకో సంగతి బయటపెట్టారు. శిక్షణ ఎప్పుడు "పూర్తయింది" అని రాయాలో కేంద్రాల చేతిలోనే ఉండేది. ఉద్యోగం దొరికిన మనిషిని వెంటనే పూర్తయినట్టు రాసేవాళ్ళు. దొరకని మనిషిని పుస్తకాల్లో అలాగే ఉంచి, అంకె పాడవని సమయం చూసి తీసేసేవాళ్ళు. తర్వాత జేమ్స్ హెక్‌మన్ బృందం ఇంకా లోతుగా చూసింది. శిక్షణ అయిన కొద్ది రోజులకు కొలిచిన జీతానికీ, దీర్ఘకాలంలో ఆ శిక్షణ నిజంగా తెచ్చిన మేలుకీ పెద్ద సంబంధం కనిపించలేదు. అంటే మార్కులు బాగా వచ్చిన కేంద్రమే ఎక్కువ మేలు చేసిందని అనుకోవడానికి లేదు. ఏ అంకె మీద ఎక్కువ నిర్ణయాలు ఆధారపడతాయో ఆ అంకె చెడిపోయే ప్రమాదం అంత ఎక్కువ అని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే శాస్త్రవేత్త 1970ల్లోనే హెచ్చరించాడు.

దీనికి మన ఏజెన్సీల్లో వాడే ఒక విరుగుడు ఉంది, మెట్ల కొలత. ఒక్క గీత బదులు అయిదు మెట్లు. ఏజెన్సీని బట్టి పేర్లు మారతాయి. నేను తెలుగులో ఇలా చెబుతాను: ఆపదలో ఉన్నారు, అంచున ఉన్నారు, నిలకడగా ఉన్నారు, క్షేమంగా ఉన్నారు, ఎదుగుతున్నారు. ఆదాయానికి ఒక నిచ్చెన, ఇంటికి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, పిల్లల సంరక్షణకు ఒకటి. వచ్చిన రోజు ఏ మెట్టు మీద ఉన్నారో రాసుకుంటాం, ఆరు నెలలకు మళ్ళీ చూస్తాం. 9,000 నుంచి 24,000కి వచ్చిన కుటుంబం ఇక్కడ కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో పెద్ద చిక్కు ఎక్కడంటే, మెట్టు రాసేది కేస్ వర్కర్, అంటే ఆ కుటుంబం సంగతి చూసుకునే మా ఉద్యోగి. ఒకే కుటుంబాన్ని ఒకరు "అంచున" అంటారు, ఇంకొకరు "నిలకడగా" అంటారు. మా దగ్గర ఒకసారి ఇద్దరు కేస్ వర్కర్లకు ఒకే ఫైలు ఇచ్చి విడివిడిగా రాయమన్నాం. నాలుగు నిచ్చెనల్లో మూడు చోట్ల తేడా వచ్చింది. తప్పు వాళ్ళది కాదు, మేము రాసిన మాటలది. "అద్దె కట్టుకోగలుగుతున్నారు" అని రాసి ఉంది. దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు. "గడిచిన మూడు నెలల్లో మూడుసార్లూ గడువులోపు అద్దె కట్టారు" అని మార్చాం. అప్పుడు కుదురుకుంది. బోర్డు సభ్యులు మీ ఏజెన్సీ నిచ్చెన తెప్పించుకుని ఒక్కో మెట్టూ చదవండి. "బాగా", "సరిపడా", "తగినంత" లాంటి మాట కనబడితే అక్కడ వేలు పెట్టి అడగండి.

ఇప్పుడు ఇంకాస్త ఇబ్బందికరమైన విషయానికి వస్తాను. మన దగ్గరకు వచ్చాక ఒక మనిషి పరిస్థితి మెరుగుపడింది అనుకోండి. అది మన వల్లేనా?

1978లో ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అనే ఆర్థికవేత్త ప్రభుత్వ ఉద్యోగ శిక్షణకు వచ్చినవాళ్ళ సంపాదన పరిశీలించాడు. శిక్షణలో చేరడానికి సరిగ్గా ముందు వాళ్ళ సంపాదన ఒక్కసారిగా పడిపోయి ఉంది. ఆలోచిస్తే సహజమే. మనిషి మన తలుపు తట్టేది బాగున్న రోజున కాదు. ఉద్యోగం పోయాక, జబ్బు చేశాక, ఇంట్లో సంపాదించే మనిషి వెళ్ళిపోయాక వస్తాడు. ఆ అట్టడుగు నుంచి కొందరు మన సాయం లేకపోయినా మెల్లగా లేచేవాళ్ళే. వచ్చిన రోజునీ ఏడాది తర్వాతి రోజునీ పోల్చి తేడా అంతా మన ఖాతాలో వేసుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఈ ముడి విప్పాలంటే లాటరీ పద్ధతి కావాలి. అర్హులను రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపుకు కార్యక్రమం ఇచ్చి, రెండో గుంపును దానితో పోల్చాలి. ఇందాక చెప్పిన 1982 చట్టం కింద నడిచిన శిక్షణను 16 చోట్ల, సుమారు 20,000 మందితో అలాగే పరీక్షించారు. పెద్దవాళ్ళ సంపాదన కొంత పెరిగింది. యువతకు చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ముందూ తర్వాతా మాత్రమే చూసి ఉంటే ఈ తేడా తెలిసేది కాదు.

పదిమంది స్టాఫ్ ఉన్న ఏజెన్సీ ఇలాంటి అధ్యయనం చేయలేదు, చేయమని నేను అడగను కూడా. రెండు పనులు మాత్రం చేయగలదు. ఇన్‌టేక్ ఫారంలో ఈ నెల ఆదాయంతో పాటు, ఈ కష్టం రాకముందు, ఏడాది క్రితం పరిస్థితి ఎలా ఉండేదో కూడా రాసుకోవచ్చు. అప్పుడు మనిషి పాత చోటికి తిరిగొచ్చాడా, దాన్ని దాటి ముందుకు వెళ్ళాడా తెలుస్తుంది. ఇక రెండోది, రిపోర్టులో "మా వల్ల" అనే చోట "మా దగ్గరకు వచ్చాక" అని రాయవచ్చు. గ్రాంట్ ఇచ్చేవాళ్ళ ముందు ఆ మాట కాస్త బలహీనంగా వినబడుతుందని నాకు తెలుసు. నిజం అంతవరకే అయినప్పుడు అంతవరకే చెప్పాలి.

పేదరికం ఎంతకాలం ఉంటుందన్న దాంట్లోనూ ఒక మెలిక ఉంది. అమెరికాలో 1968 నుంచి ఒకే కుటుంబాల వెంట నడుస్తున్న సర్వే ఒకటి ఉంది, మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళది. మేరీ జో బేన్, డేవిడ్ ఎల్వుడ్ ఆ సమాచారం తీసుకుని 1986లో ఒక విషయం చూపించారు. ఎప్పుడో ఒకప్పుడు పేదరికంలో పడినవాళ్ళలో ఎక్కువమంది కొద్ది కాలంలోనే బయటపడతారు. కానీ ఏదో ఒక రోజున లెక్క తీస్తే, ఆ రోజు పేదరికంలో కనబడేవాళ్ళలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి అందులోనే ఉన్నవాళ్ళు. మన వెయిటింగ్ రూమ్‌లో ఈ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరికి రెండు నెలల అద్దె చాలు. ఇంకొకరికి ఏళ్ళ తోడు కావాలి. ఇద్దరినీ కలిపి సగటు తీస్తే ఎవరి సంగతీ తెలియదు. పైగా ఒకవైపు కుటుంబాలు బయటపడుతుంటే ఇంకోవైపు కొత్త కుటుంబాలు పడుతూనే ఉంటాయి. అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు చాలా దేశాల్లో వేల కుటుంబాలతో మాట్లాడి ఇదే చూశాడు. కుటుంబాలు కిందికి జారడానికి మళ్ళీ మళ్ళీ కనిపించిన కారణం జబ్బు, దానికి అయ్యే ఖర్చు.

ఎక్కేవాళ్ళతో సమానంగా జారేవాళ్ళనీ లెక్కపెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే. నా నర్సింగ్ అసిస్టెంటు ఆవిడ జారబోయింది, జారలేదు. కాస్త ఊరట ఏమిటంటే, 2018 నుంచి వాడుతున్న కొత్త వార్షిక రిపోర్టులో ఇలాంటి గడులు కొన్ని వచ్చాయి. ఇల్లు ఖాళీ చేయాల్సిన పరిస్థితి తప్పినవాళ్ళు ఎంతమంది, దొరికిన ఉద్యోగంలో 90 రోజులు, 180 రోజులు నిలిచినవాళ్ళు ఎంతమంది అని అడుగుతారు. ఉద్యోగం దొరికిన రోజుకీ 180వ రోజుకీ మధ్య ఎంత జరుగుతుందో మీలో కేస్ వర్కర్లుగా చేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

జీతం పెరిగితే చేతికొచ్చేది పెరుగుతుందనీ అనుకోకండి. గంటకు ఒక డాలర్ పెరగడంతో డేకేర్ సబ్సిడీ పోయి, నెల చివర ముందుకంటే తక్కువ మిగిలినవాళ్ళను చూశాను. రిపోర్టులో వాళ్ళు విజయం. ఒక్క జీతం కాదు, సబ్సిడీలు, ఖర్చులు అన్నీ పోగా మిగిలేది రాయండి.

ఇప్పుడు బోర్డుల సంగతి. చట్ట ప్రకారం బోర్డులో మూడో వంతు ప్రజా ప్రతినిధులు, కనీసం మూడో వంతు పేద కుటుంబాల ప్రతినిధులు, మిగతావాళ్ళు వ్యాపారాలు, మత సంస్థలు, విద్యారంగం వంటి వాటి నుంచి ఉండాలి. 1964 నాటి మాటకు మిగిలిన రూపం అది. కానీ ఏది ఫలితమో నిర్ణయించే సమావేశంలో ఆ పేద కుటుంబాల ప్రతినిధులు ఎంతసేపు మాట్లాడతారు? మా ఏజెన్సీలో ఒకసారి సూచికల గురించి గంటసేపు చర్చ నడిచింది. అప్పటిదాకా మౌనంగా కూర్చున్న ఒక సభ్యురాలు, ఒకప్పుడు మా దగ్గరే సాయం తీసుకున్న మనిషి, చెయ్యెత్తి ఇలా అంది: "నేను బయటపడ్డానని నాకెప్పుడు తెలిసిందంటే, తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే గుండె దడ ఆగినప్పుడు." అప్పులవాళ్ళ ఫోన్ల గురించి ఆవిడ చెప్పింది. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మా పట్టికలో ఉన్న ఇరవై సూచికల్లో ఏదీ అంత దగ్గరగా రాలేదు.

ఆ మాటను కొలవగలమా అని నేను చాలా రోజులు ఆలోచించాను. పూర్తిగా కొలవలేం. కానీ దగ్గరకు వెళ్ళవచ్చు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2013 నుంచి ఏటా చేసే సర్వేలో ఒక ప్రశ్న ఉంది: అనుకోకుండా 400 డాలర్ల ఖర్చు వస్తే ఎలా కడతారు? చేతిలో ఉన్న డబ్బుతోనా, అప్పుతోనా, అసలు కట్టలేరా? పేదరికం గీత కంటే ఈ ప్రశ్న నాకు నచ్చడానికి కారణం, మనిషి ఎక్కడున్నాడని కాకుండా ఒక దెబ్బ తగిలితే ఏమవుతాడని అడుగుతుంది. కారు బాగుచేసిన రోజు ఆవిడను ఇదే అడిగి ఉంటే కట్టలేనని చెప్పేది. ఏడాది తర్వాత అప్పు లేకుండా కట్టగలనని చెబితే, జీతం ఒక్క డాలర్ పెరగకపోయినా నేను దాన్ని మార్పు అంటాను.

ఇక మిగిలింది, ఇదంతా తెలుసుకోవాలంటే ఆరు నెలలకు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఏజెన్సీల్లో ముందు కోత పడేది ఈ పనికే. మేము మొదలుపెట్టినప్పుడు చాలా నంబర్లు పనిచేయలేదు. దొరకనివాళ్ళను బాగున్నవాళ్ళ కింద రాసేయాలన్న ఆశ కలుగుతుంది. రాయకండి. "తెలియదు" అని ఒక గడి పెట్టండి, అందులో ఎంత పెద్ద అంకె వచ్చినా అలాగే పంపండి. ఇన్‌టేక్ రోజునే రెండో నంబర్ అడగండి, అక్కదో పక్కింటివాళ్ళదో. సాయం చేసిన కేస్ వర్కర్ చేత ఫోన్ చేయించకండి. మొహమాటంతో అందరూ బాగున్నామనే చెబుతారు.

ఆ నర్సింగ్ అసిస్టెంటు ఆవిడకు నేను దాదాపు ఏడాదికి ఫోన్ చేశాను. అప్పట్లో మాకు అలాంటి నియమం లేదు, ఉండబట్టలేక చేశాను. అదే ఉద్యోగంలో ఉంది, పగటి షిఫ్టుకు మారింది. రాయడానికి చోటు లేక ఫైలు అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.

మీ కుర్చీల మీద ఒక ఫారం ఉంది. మేము ఇప్పుడు ఆరో నెల ఫోన్‌కి వాడేది అదే, ఏడు ప్రశ్నలు. నాలుగో ప్రశ్న ఇంకా సరిగా కుదరలేదు, అడిగిన ప్రతిసారీ వినేవాళ్ళు తడబడుతున్నారు. దాన్ని ఎలా అడిగితే బాగుంటుందో మీరు చెప్పాలి. ముందు వరసలోంచి మొదలుపెడదాం.